గట్టిగా కొట్టడం ఆపండి బాబూ, ఒక్కసారి మొస్కోనీ ఆట చూడండి

పూల్ టేబుల్ దగ్గర మనవాళ్ళ ఆట చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, చెప్పేస్తున్నా. ఇక్కడ అమెరికాలో అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ అయినా, హైదరాబాద్ వచ్చినప్పుడు స్నూకర్ పార్లర్ అయినా ఒకటే తంతు. బంతి పాకెట్ అంచున కూర్చుని ఉంటుంది, మెల్లగా తోస్తే పడిపోయేదానికి ఒంట్లో బలమంతా పెట్టి, తెల్ల బంతికి పక్కన తగిలేలా ఒకటి పీకి, అది టేబులంతా తిరిగి ఎక్కడో ఆగితే "చూసావా స్పిన్" అని పక్కనోడి వైపు ఒక చూపు. ఏం చూడాలి నాయనా, నువ్వు తర్వాత కొట్టాల్సిన బంతి ఎక్కడుంది, నీ తెల్ల బంతి ఎక్కడుంది?

రీల్స్ వల్ల ముదిరిన జబ్బు ఇది. బంతి మీద నుంచి ఎగిరే జంప్ షాట్లు, వంకర తిరిగే మాస్సే షాట్లు తప్ప ఇంకేం కనపడవు అందులో.

పాత ఆటగాళ్ళ వీడియోలు చూస్తే ముందు బోర్ కొడుతుంది, కాదనను. విల్లీ మొస్కోనీ అని ఒకాయన, 1913లో పుట్టాడు, 1941 నుంచి 1957 మధ్యలో 15 సార్లు వరల్డ్ ఛాంపియన్. సూటు వేసుకుని, టై కట్టుకుని వస్తాడు, టేబుల్ చుట్టూ చకచకా తిరుగుతూ టకటకా వేసేస్తుంటాడు, ఒక్క షాట్ కూడా కష్టంగా కనపడదు. ఇవన్నీ నేనూ వేస్తా కదా అనిపిస్తుంది. అన్నీ ఈజీ షాట్లే మరి. కానీ ఆ ఈజీ షాట్ ఆయనకి ఎవరు పెట్టారు? ముందు షాట్‌తో ఆయనే పెట్టుకున్నాడు. అసలు ఆటంతా అక్కడే ఉంది, మనం చూడనిది కూడా అదే.

ఆయన ఆడింది స్ట్రెయిట్ పూల్. ఏ బంతి అయినా ఏ పాకెట్‌లో అయినా వేయొచ్చు, కానీ ముందే చెప్పి వేయాలి, ఒక్కో బంతికి ఒక్కో పాయింట్. 14 బంతులు అయిపోయాక పదిహేనోదాన్ని అలాగే ఉంచి మిగతా 14 మళ్ళీ పేరుస్తారు, అప్పుడు ఆ ఒక్క బంతిని పాకెట్ చేస్తూ అదే దెబ్బకి తెల్ల బంతిని ర్యాక్‌లోకి, అంటే ఆ పేర్చిన గుంపులోకి పంపి పగలగొట్టాలి. అంటే ఆఖర్న ఏ బంతి మిగలాలి, దానికి ముందు ఏది వేయాలి, తెల్ల బంతి ఎటువైపు ఆగాలి, ఇవన్నీ ఇంకా టేబుల్ మీద చాలా బంతులు ఉండగానే లెక్కేసుకోవాలి. 1954 మార్చిలో ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక ఎగ్జిబిషన్ మ్యాచ్‌లో ఆయన ఇలా మిస్ కాకుండా వరసగా 526 బంతులు వేశాడు. సుమారు 37 ర్యాకులు! 8 అడుగుల టేబుల్ కదా, 9 అడుగులది కాదు కదా అని వంకలు పెట్టేవాళ్ళున్నారు, పెట్టుకోండి. చిన్న టేబుల్ అయితే బంతులు ఇంకా ఇరుక్కుంటాయి, ఆ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. 2019లో జాన్ ష్మిట్ 626 కొట్టేదాకా, అంటే 65 ఏళ్ళు, ఆ నంబర్ అధికారికంగా దాటినవాడు లేడు.

మొస్కోనీ వాళ్ళ నాన్నకి ఫిలడెల్ఫియాలో పూల్ హాల్ ఉండేది, కొడుకు మాత్రం ఆడకూడదని బంతులు తాళం వేసి దాచేవాడట, ఈయన చీపురు కర్రతో బంగాళాదుంపల్ని కొడుతూ నేర్చుకున్నాడు. పరీక్షలప్పుడు క్యారమ్ బోర్డు అటక ఎక్కించే మన నాన్నలూ అంతే కదా.

ఇంకొకాయన ఇర్వింగ్ క్రేన్. రోచెస్టర్‌లో క్యాడిలాక్ కార్లు అమ్మేవాడు, డీకన్ (చర్చి పెద్ద) అనేవాళ్ళు, అంత పద్ధతిగల మనిషి. 1966 యూఎస్ ఓపెన్ పూల్ ఫైనల్లో ఛాన్స్ రాగానే గెలుపుకి కావాల్సిన 150 పాయింట్లూ ఒకే దఫాలో ముగించేశాడు, అవతల జో బాల్సిస్ కుర్చీలో కూర్చుని చూడ్డమే. సాహసం చేసి గెలిచినవాడు కాదు, రిస్క్ ఉంటే అసలు ముట్టుకునేవాడే కాదు. నాకు మొస్కోనీ కంటే ఈయనే ఎక్కువ ఇష్టం.

కానీ జనానికి గుర్తున్నదెవరు? మిన్నెసోటా ఫ్యాట్స్! అసలు పేరు రుడాల్ఫ్ వాండెరోన్, అంతకుముందు న్యూయార్క్ ఫ్యాట్స్ అనేవాళ్ళు. 1961లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాలో మిన్నెసోటా ఫ్యాట్స్ అనే పాత్ర ఉంటే అది నేనే అని చెప్పుకుని ఆ పేరు పెట్టేసుకున్నాడు. తమాషా ఏంటంటే ఆ సినిమాకి టెక్నికల్ అడ్వైజర్ మొస్కోనీ. ఇద్దరికీ పడేది కాదు. 1978లో టీవీ వాళ్ళు ఇద్దర్నీ ఒకే టేబుల్ దగ్గరికి తెచ్చారు, మొస్కోనీ గెలిచాడు. అయినా జనం నవ్వింది ఫ్యాట్స్ జోకులకే. నోరున్నవాడిదే రాజ్యం.

ఇప్పుడు ఎవరో ఒకరు అంటారు, మరి ఎఫ్రెన్ రేయెస్ సంగతేంటి, ఆయనవన్నీ స్పిన్ షాట్లే కదా అని. ఫిలిప్పీన్స్ నుంచి 1985లో సీజర్ మొరేల్స్ అనే దొంగ పేరుతో అమెరికాకి వచ్చి ఇక్కడివాళ్ళ జేబులు ఖాళీ చేసిన మహానుభావుడు, నాకూ దేవుడే. కానీ ఆ మ్యాజిక్ షాట్లు ఎప్పుడు కొట్టాడో చూడండి. అవతలివాడు తెల్ల బంతిని దాచేసి ఇరికించినప్పుడు. దారి తెరిచి ఉన్నప్పుడు ఆయన కూడా మెల్లగా, అడుగు దూరం, రెండడుగుల దూరం, అంతే.

మన గీత్ సేథీ 1992లో వరల్డ్ ప్రొఫెషనల్ బిల్లియర్డ్స్‌లో 1276 బ్రేక్ (ఒకే దఫాలో అన్ని పాయింట్లు) కొట్టినప్పుడూ అంతే, బిల్లియర్డ్స్‌లో పెద్ద బ్రేకులు వచ్చేదే బంతుల్ని దగ్గర దగ్గరగా ఉంచి తడుతూ పోతే.

సరే, తిట్టింది చాలు, పని చూద్దాం. సైడ్ కొట్టకుండా, అంటే కుడికో ఎడమకో తగలకుండా, తెల్ల బంతిని నిలువుగా మధ్య గీత మీదే పైనా కిందా కొడుతూ నేర్చుకోండి. కొంచెం కింద కొడితే అది వెనక్కి తిరుగుతూ బయల్దేరుతుంది, బట్ట రాపిడికి ఆ తిరగడం తగ్గిపోయి కాసేపు ఊరికే జారుతుంది, తర్వాత మామూలుగా దొర్లుతుంది. జారుతున్నప్పుడు అవతలి బంతిని తాకితే, ఆ బంతి వెళ్ళే దారికి దాదాపు 90 డిగ్రీల్లో పక్కకి పోతుంది, నిండుగా తగిలితే అక్కడికక్కడే ఆగిపోతుంది. దొర్లుతూ వచ్చి సగం బంతికి అటూఇటూగా తాకితే, తను వస్తున్న దారి నుంచి సుమారు 30 డిగ్రీలు పక్కకి మళ్ళుతుంది. ఈ రెండూ మీ కళ్ళకి అలవాటైతే తెల్ల బంతి ఎటు పోతుందో కొట్టకముందే తెలిసిపోతుంది.

సైడ్ ఎందుకొద్దంటున్నానంటే, కుడివైపు కొడితే తెల్ల బంతి ముందు కాస్త ఎడమకి జరుగుతుంది, క్యూ (కొట్టే కర్ర) వెనక పైకి లేచి ఉంటే దారిలో మళ్ళీ కుడికి వంగుతుంది, తాకినప్పుడు అవతలి బంతిని కూడా ఒక పిసరు పక్కకి నెడుతుంది. మూడు తప్పుల్ని ఒకేసారి లెక్కేసుకుని గురి పెట్టాలి, అదీ ఎందుకు, అవసరం లేని షాట్‌కి! కుషన్ (టేబుల్ అంచు గోడ) తగిలాక దారి మార్చాలంటేనే సైడ్ వాడండి.

డ్రా షాట్, అంటే తాకాక తెల్ల బంతి వెనక్కి వచ్చే షాట్, రావట్లేదని గింజుకునేవాళ్ళూ, బలం కాదు కావాల్సింది. క్యూ వీలైనంత నేలబారుగా ఉంచి, పట్టు వదులుగా పెట్టి, కింద కొట్టి, క్యూని ముందుకి సాగనివ్వండి. భయంతో మధ్యలో ఆపేస్తారు, అందుకే రాదు. మరీ కిందకి పోతే, అంటే మధ్య నుంచి అంచుకి సగం దూరం దాటితే, చాక్ ఎంత రాసినా క్యూ కొసనున్న టిప్ జారుతుంది. కొట్టేటప్పుడు మోచేయి కింది భాగం మాత్రమే ఊగాలి, తల లేపకూడదు, బంతి పడిందా లేదా అని ముందే లేచి చూసే అలవాటు మనలో చాలామందికి ఉంది.

మా హాల్‌లో డెబ్బై దాటిన ఒక పెద్దాయన ఉన్నాడు, ఎవరైనా నేర్పమంటే టేబుల్ మీద మూడు బంతులు విసిరేస్తాడు. తెల్ల బంతి మీ ఇష్టం వచ్చినచోట పెట్టుకోవచ్చు, కానీ మూడూ ఏ వరసలో వేస్తారో, ప్రతి షాట్ తర్వాత తెల్ల బంతి ఎక్కడ ఆగుతుందో ముందే వేలు పెట్టి చూపించాలి. బంతి పడి తెల్లది వేరేచోట ఆగినా మళ్ళీ మొదటికే. కుర్రాళ్ళు మొదటి రోజు నవ్వుతారు, రెండో రోజు సగంమంది కనపడరు. ఇది కుదిరినవాళ్ళు నాలుగు బంతులకి పోండి, కుదరనివాళ్ళు మాత్రం మాస్సే షాట్ నేర్పమని నాకు మెసేజ్ పెట్టొద్దు.