నోరులేని జీవి

(పార్వతి జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్. పేపర్లు దిద్దుతోంది. మార్కులు కూడే డ్యూటీ భర్త సుబ్బారావుది.)

సుబ్బారావు: ఇదిగో, ఈ కుర్రాడికి సున్నా ఎందుకేశావ్? ‘స్పాంజి అను నీటి జంతువుకు నోరు ఉండదు’ అని కరెక్టుగానే రాశాడుగా.

పార్వతి: తర్వాతి లైను చూడండి. ‘అందువలన అది ప్రశాంతముగా జీవించును.’

సుబ్బారావు: పెళ్లికాకుండానే ఎంత జ్ఞానం!

పార్వతి: మార్కులు కూడండి.

సుబ్బారావు: అవునూ, నోరు లేకపోతే తిండెలా?

పార్వతి: ఒంటినిండా సన్న రంధ్రాలుంటాయి. లోపలి కణాలు కశాభాలు, అంటే సన్నటి తోకలు, ఆడిస్తుంటే నీళ్లు వాటిలోంచి లోపలికొచ్చి పైనున్న పెద్ద రంధ్రంలోంచి పోతాయి. మధ్యలో దొరికిన బాక్టీరియానే భోజనం.

సుబ్బారావు: కూర్చున్నచోటికే భోజనం! అచ్చం నాలాగే.

పార్వతి: దాన్ని అవమానించకండి. కొన్ని స్పాంజులు రోజుకి తమ ఒంటికి వేల రెట్లు నీళ్లు తోడతాయి. ట్యాంకు పొంగుతోంది మోటారు కట్టండి మొర్రో అంటే నిన్న మీరు లేచారా?

సుబ్బారావు: సరే, జెల్లీఫిష్ సంగతి చెప్పు. దానికి నోరుందిగా?

పార్వతి: ఉన్నదే అదొక్కటి. తినేదీ దాంతోనే, అరగని పిప్పి బయటికి వదిలేదీ దాంట్లోంచే.

సుబ్బారావు: మీ పెద్దన్నయ్య...

పార్వతి: మా అన్నయ్య ఊసెత్తారంటే ఊరుకోను.

సుబ్బారావు: మెదడు గురించి అడగబోయానే!

పార్వతి: మెదడు లేదు. ఒంటినిండా నాడీ వల ఉంటుంది. స్పాంజికైతే ఒక్క నాడీకణం కూడా ఉండదు.

సుబ్బారావు: మెదడే లేనిది వైజాగ్ బీచ్‌లో నన్ను గురిచూసి ఎలా కుట్టింది?

పార్వతి: గురా? అది చచ్చి ఒడ్డున పడుంది! వద్దంటున్నా కాలితో పొడిచారు. దంశకణాలకి ప్రాణంతో పనిలేదు. తగిలితే చాలు, లోపల చుట్టుకునున్న విషపు దారాన్ని విసురుతాయి.

సుబ్బారావు: చచ్చాక కూడా సాధింపేనా! స్పాంజే నయం.

పార్వతి: నయమే. 1907లో విల్సన్ అనే అమెరికా ఆయన బతికున్న స్పాంజిని సన్న పట్టుగుడ్డలోంచి పిండేశాడు. విడిపోయిన కణాలు పాక్కుంటూ దగ్గరికి చేరి మళ్లీ స్పాంజి అయ్యాయి.

సుబ్బారావు: గుడ్డలో వేసి పిండినా!

పార్వతి: నా వంక చూస్తారేం? ఆ పేపరిటివ్వండి. 28కి 11 కలిపితే 37 ఎలా వచ్చిందండీ?

సుబ్బారావు: నాడీ వలతో కూడాన్లే.

పార్వతి: వల కూడా కాదు, ఇది స్పాంజి లెక్క.