ఊపిరితిత్తుల వైద్య సంఘాలు లెక్క చెప్పాలి

2021లో బ్రిటన్‌లో ఒక విడ్డూరమైన బేరం కుదిరింది. మార్ల్‌బొరో సిగరెట్ల కంపెనీ ఫిలిప్ మోరిస్ ఇంటర్నేషనల్, ఇన్‌హేలర్ల పరిజ్ఞానంలో పేరున్న వెక్టురా సంస్థను వంద కోట్ల పౌండ్లకు పైగా పోసి కొనేసింది. జబ్బూ మాదే, మందూ మాదే అన్నమాట! ఊపిరితిత్తుల వైద్యుల సంఘాలైన అమెరికన్ థొరాసిక్ సొసైటీ, యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీ ఈ అమ్మకం వద్దే వద్దన్నాయి. వాటాదారులు వినలేదు. సంఘాలూ తగ్గలేదు. పొగాకు సొమ్ముతో నడిచే సంస్థకు తమ సదస్సుల్లో చోటు లేదని తేల్చి చెప్పాయి. చివరికి 2024లో ఫిలిప్ మోరిస్, పెట్టిన దాంట్లో కొద్ది భాగమే చేతికొచ్చే ధరకు వెక్టురాను వదిలించుకుంది. అన్యాయంగా వ్యతిరేకించారని వాపోయింది కూడా.

చట్టం ఆపలేని బేరాన్ని డాక్టర్ల సంఘాలు గిట్టుబాటు కాకుండా చేశాయి. ఇది చిన్న విషయం కాదు.

అయితే సిగరెట్ కంపెనీకి తలుపు మూయడం తేలిక. చిక్కంతా మందుల కంపెనీలతోనే. మన దేశంలో ఇండియన్ చెస్ట్ సొసైటీ, నేషనల్ కాలేజ్ ఆఫ్ చెస్ట్ ఫిజీషియన్స్ కలిసి సీఓపీడీకి (ఊపిరి ఆడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు), ఆస్తమాకు చికిత్సా మార్గదర్శకాలు తెచ్చాయి. మంచి పని. కానీ వైద్య సదస్సు ఏదైనా సరే, లోపలికి అడుగుపెట్టగానే కంపెనీల స్టాళ్లే కనిపిస్తాయి. ఉపన్యాసం మొదట్లో 'ఫలానా కంపెనీతో నాకు సంబంధం ఉంది' అనే స్లైడ్ ఒకటి పడుతుంది, చదివేలోపే మాయమవుతుంది.

ఇందులో రోగికి నష్టమేమిటి? 2019లో అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు దశాబ్దాల అలవాటును తిరగరాశాయి. పెద్దలకు ఊపిరి గొట్టాలను వెంటనే తెరిచే సాల్బుటమాల్ పఫ్ ఒక్కటే ఇచ్చి సరిపెట్టొద్దు, దాంతోపాటు వాపు తగ్గించే స్టెరాయిడ్ కూడా అందాలన్నాయి. సైన్స్ పరంగా ఇది సబబైన మార్పే. కాకపోతే రెండు రకాల మందులూ కలిసిన కాంబినేషన్ ఇన్‌హేలర్ ధర ఎక్కువ. మార్గదర్శకం మారితే రోగి జేబు మీద భారం మారుతుంది. అది రాసిన కమిటీకి ఎవరి డబ్బు అందుతోందో, అసలు అందడం లేదో తెలుసుకునే హక్కు ఆ రోగికి ఉంది. అసలే మన ఊళ్లలో 'పఫ్ ఒకసారి మొదలెడితే అలవాటైపోతుంది' అనే భయం బలంగా ఉంది. కంపెనీ లాభం కోసమే రాశారేమోనన్న అనుమానం కూడా తోడైతే, ఉన్న ఇన్‌హేలర్ కూడా అటకెక్కుతుంది.

2024లో కేంద్రం మందుల మార్కెటింగ్‌కు కొత్త కోడ్ తెచ్చి, డాక్టర్లకు బహుమతులు ఇవ్వొద్దంది. కానీ అది ప్రధానంగా కంపెనీలకు పెట్టిన కట్టడి. పుచ్చుకునేవాళ్ల వైపు నుంచి కూడా లెక్క రావాలి. మన దేశంలోని ఆ రెండు సంఘాలూ కలిసి ఏటా జరిపే న్యాప్‌కాన్ సదస్సు నుంచే ఇది మొదలుకావచ్చు. ఏ కంపెనీ ఎంత ఇచ్చిందో, దేనికి ఖర్చయిందో సంఘాల వెబ్‌సైట్లలో పెట్టాలి. మార్గదర్శకాలు రాసే కమిటీల్లో కనీసం అధ్యక్షులైనా కంపెనీల నుంచి పైసా తీసుకోనివారై ఉండాలి. సదస్సు ఖర్చులు పోగా మిగిలిన సొమ్ములో కొంత, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నర్సులకు ఇన్‌హేలర్ పీల్చే పద్ధతిని తెలుగులో నేర్పించడానికి కేటాయించాలి.