అమ్మకు తాగించేది విషమా?

పోయిన నెల అమ్మకు అన్నం ముద్ద గొంతు దిగడం లేదంటే డాక్టర్ గారు బేరియం స్వాలో ఎక్స్‌రే రాశారు, అంటే బేరియం కలిపిన ద్రవం తాగించి గొంతు దారిని ఎక్స్‌రే తీసే పరీక్ష. ముందురోజు రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, బేరియం విషమంట. నెట్‌లో చూశాను. గుండె ఆగిపోతుందంట. అమ్మకి తాగించొద్దు." గొంతు వణుకుతోంది. ఇంజనీరింగ్ చదివినవాడు, పదో తరగతి సైన్స్‌లో నాకన్నా ఎక్కువ మార్కులు వచ్చినవాడు.

వాడు చదివింది అబద్ధం కాదు. బేరియం క్లోరైడ్ కడుపులోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. బేరియం కార్బొనేట్‌ని ఎలుకల మందుగా వాడేవారు. ఇక ఉత్త బేరియం లోహమైతే నీళ్ళు తగిలితేనే చర్య మొదలవుతుంది. కానీ అమ్మకు ఇచ్చేది బేరియం సల్ఫేట్. అది నీళ్ళలో కరగదు, కడుపులోని ఆమ్లంలోనూ కరగదు. కరగనిది రక్తంలోకి ఎలా చేరుతుంది? ఎక్స్‌రే కిరణాలను అడ్డుకుని గొంతు దారిని తెల్లగా చూపిస్తుంది, తర్వాత మలంలో బయటికి పోతుంది.

ఇదంతా చెప్పినా వాడికి టెన్షన్ తగ్గలేదు. చివరికి "ఒరేయ్, అది మంగంపేట ముగ్గురాయిరా" అన్నాను. ముగ్గురాయి అంటే భూమిలో దొరికే బేరియం సల్ఫేటే. అమ్మ పుట్టిల్లు మంగంపేట గనుల దగ్గర్లోని రైల్వే కోడూరు. ముగ్గురాయి లారీలు చూస్తూ పెరిగాం. చేతిలోకి తీసుకుంటే రాయి సైజుకి మించిన బరువు, నీటికన్నా దాదాపు నాలుగున్నర రెట్లు. చమురు బావులు తవ్వేటప్పుడు పోసే బురదలో కలపడానికి దాన్ని కొనేదీ ఆ బరువు కోసమే. అవతల కాసేపు మాట లేదు. "అదేనా ఇది?" అన్నాడు.

నా కోపమంతా ఇక్కడే. "మూలకానికి, సమ్మేళనానికి తేడా రాయండి" అంటే మనందరం రాసి రెండు మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే. సమ్మేళనంగా మారాక మూలకం తన పాత గుణాన్ని వదిలేస్తుందన్న ఒక్క ముక్క మాత్రం ఎవరి మనసులోనూ నాటలేదు. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, బెల్జియంలోని ఈప్ర యుద్ధభూమిలో సైనికుల ఊపిరి తీసిన క్లోరినే మన పప్పులో వేసే ఉప్పులోనూ ఉంది. ఎవరైనా భయపడుతున్నామా?

అలాగని సమ్మేళనమైతే చాలు, భయం లేదనీ కాదు. నల్గొండ వైపు "ఫ్లోరిన్ నీళ్ళు" అంటాం. ఫ్లోరిన్ మూలకం ఒక వాయువు, నీళ్ళు తగిలితే అలాగే మిగలదు. బోర్లలో ఉన్నది రాళ్ళలోంచి కరిగి వచ్చిన ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగి ఎంతమంది ఎముకలు వంగిపోయాయో మన కళ్ళతో చూశాం. ఏ సమ్మేళనం, కరుగుతుందా, ఎంత ఉంది? పిల్లలకు అలవాటు చేయాల్సిన ప్రశ్నలు ఇవి.

మా ఎనిమిదో తరగతి సైన్స్ టీచర్ ఒక్కరే ఇనప రజను, గంధకం పొడి కలిపి మా ముందు పెట్టారు. అయస్కాంతం దగ్గరికి తెస్తే రజనంతా లేచి అతుక్కుంది. తర్వాత వేడిచేస్తే ఎర్రగా రాజుకుని నల్లటి గడ్డ కట్టింది. ఈసారి అయస్కాంతానికి ఏమీ అంటుకోలేదు. ఆ నల్ల గడ్డ నాకింకా కళ్ళ ముందే ఉంది. టీచర్లూ, దయచేసి నిర్వచనం రాయించే ముందు అది చేసి చూపించండి.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు బస్సెక్కి వచ్చేశాడు. ఆ చిక్కటి తెల్లటి గ్లాసు అమ్మకు వాడే అందించాడు.