వర్క్‌షీట్ గారికి ఓర్వలేని లేఖ

మహారాజశ్రీ వర్క్‌షీట్ గారికి,

మూడేళ్ల పిల్లల లోకాన్ని మీరింత దర్జాగా ఏలుతుంటే చూడలేక రాస్తున్నాను.

1837లో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ జర్మనీలో చిన్నపిల్లలకి ఆటపాటల బడి పెట్టాడు. దానికే తర్వాత కిండర్‌గార్టెన్ అని పేరొచ్చింది. 1851లో అప్పటి జర్మన్ రాజ్యమైన ప్రష్యా ప్రభుత్వం అలాంటి బడులని నిషేధించింది. నాస్తికత్వం, సోషలిజం నేర్పుతున్నారని అనుమానం. కొయ్య దిమ్మలతో ఆడే పిల్లలంటే అంత హడల్! 1860లో నిషేధం ఎత్తేశారు. మీరు అంత రచ్చ చేయలేదు. బడి పేరు అలాగే ఉంచి, ఆటని మాత్రం చడీచప్పుడు లేకుండా సాగనంపారు.

మీ బలమంతా ఇంటికి రావడంలోనే ఉంది. పొద్దుటినుంచీ ఇసుకలో గుంత తవ్వి, పోసిన నీళ్లు ఎటు పోతున్నాయో అర్థంకాక బుర్ర గోక్కుని, పార కోసం పక్కవాడితో దెబ్బలాడి, మళ్లీ వాడితోనే కలిసిపోయిన పిల్లాడు సాయంత్రం ఏం పట్టుకెళ్తాడు? చొక్కా నిండా మట్టి. మీరైతే చుక్కలు కలిపిన అక్షరాలతో, మూలన ఒక స్టార్‌తో బ్యాగులో భద్రంగా వెళ్తారు. ఫీజు కట్టినవాళ్లకి రసీదు ఉండాలి కదా మరి.

టీచర్లని ఏమీ అనను. గదినిండా పిల్లలు, మధ్యలో తనొక్కతే. కాసేపు నిశ్శబ్దం కావాలంటే మీరే దిక్కు. ఆడించాలంటే ఇంకో మనిషి కావాలి, శిక్షణ కావాలి, రెంటికీ డబ్బు కావాలి. యూనిసెఫ్ 2019 నివేదిక ప్రకారం పేద దేశాల విద్యా బడ్జెట్‌లో ఈ వయసు వాళ్లకి దక్కేది సుమారు 2 శాతం. కనీసం 10 శాతం ఇద్దామని 2022లో తాష్కెంట్‌లో జరిగిన యునెస్కో సదస్సు తీర్మానించింది. తీర్మానం కూడా కాగితమే, మీ బంధువర్గమే.

అదే నివేదికలో ఇంకో లెక్క: ఒకటో తరగతికి ముందు చదువు అందని పిల్లలు ప్రపంచంలో 17.5 కోట్లకు పైనే. మీ బారిన పడలేదు కాబట్టి అదృష్టవంతులు అనబోయాను. కానీ వాళ్లకి ఆడించే టీచరూ లేదు.

మీకు శత్రువులు లేకపోలేదు. ఫిన్‌లాండ్‌లో ఏడో ఏటగానీ ఒకటో తరగతి మొదలుకాదు. కిండర్‌గార్టెన్లలో ప్రాథమిక తరగతుల పాఠాలు చెప్పొద్దని చైనా 2018లో ఆదేశించింది. అయినా టెన్షన్ పడకండి. పక్కింటి పిల్లాడు వంద దాకా ఒప్పజెబుతున్నంత కాలం మీ కుర్చీకి ఢోకా లేదు.

ఒక్క విన్నపం. మీమీదున్న ఆపిల్‌కి నీలం రంగేసిందని ఒక నాలుగేళ్ల పిల్లకి ఇంటూ కొట్టారు. "అది ఇంకా పండలేదు" అంటోంది. దయచేసి రీవాల్యుయేషన్ చేయించగలరు.

ఇట్లు,
ఆ పిల్ల తరఫు వకీలు