బానిసలకు విముక్తి, యజమానులకు పరిహారం

2018 ఫిబ్రవరిలో బ్రిటన్ ఆర్థిక శాఖ ట్విటర్‌లో గొప్పగా ఒక సంగతి చెప్పుకుంది. సామ్రాజ్యంలోని బానిసలందరి స్వేచ్ఛ కోసం 1833లో 2 కోట్ల పౌండ్లు, అంటే ఏడాది బడ్జెట్‌లో 40 శాతం వెచ్చించామని, ఆ అప్పు 2015లో గానీ తీరలేదని, అందులో పన్ను కట్టే ప్రతివాళ్ల పాలూ ఉందని. నలువైపులా తిట్లు పడేసరికి దాన్ని తీసేశారు. ఆ సొమ్ము ఎవరి జేబులోకి వెళ్లిందో అందులో ఒక్క ముక్క కూడా లేదు. పైగా ‘అందరూ’ అన్నదీ అబద్ధమే. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలను, సిలోన్‌ను 1833 నాటి బానిసత్వ రద్దు చట్టం వదిలేసింది. మన దగ్గర చట్టం రావడానికి 1843 దాకా పట్టింది.

2 కోట్ల పౌండ్లూ యజమానులకే దక్కాయి. విముక్తులైన దాదాపు 8 లక్షల మందికి పైసా రాలేదు. పంపకానికి ఒక కమిషన్ వేశారు. 1834 ఆగస్టు 1 నాటికి తన కింద ఎంతమంది ఉన్నారో యజమాని రాసివ్వాలి. గుమస్తాలు దాన్ని బానిసల రిజిస్టర్లతో సరిచూస్తారు. తాకట్టు పెట్టుకున్నవాడో, వారసుడో అడ్డుపడితే తగవు లండన్‌లో తేలుతుంది. మేస్త్రీలు, చేతిపనివాళ్లు, పొలం పనివాళ్లు, ఇంటి పనివాళ్లు, ఆరేళ్లలోపు పిల్లలు, పనికిరాని ముసలివాళ్లు అంటూ మనుషులను తరగతులుగా విడగొట్టారు. 1822 నుంచి 1830 వరకు జరిగిన అమ్మకాల సగటు ధరే కొలమానం. అందుకే దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానాలో మనిషికి సగటున 50 పౌండ్ల పైన వస్తే, జమైకాలో 20 పౌండ్ల దగ్గర ఆగింది. గయానాలో కొత్త నేలలు, చాలని కూలీలు. బానిసలను ఒక కాలనీ నుంచి మరో కాలనీకి తరలించడంపై ఆంక్షలుండటంతో ఆ ధరల తేడా అలాగే నిలిచింది.

ఆ లెక్కన బానిసల మొత్తం విలువ సుమారు 4 కోట్ల 50 లక్షల పౌండ్లు తేలింది. ఇచ్చింది అందులో సగం కూడా కాదు. మిగతాది రాబట్టుకోవడానికే ‘అప్రెంటిస్’ పద్ధతి పెట్టారని నా అభిప్రాయం. పొలం పనివాళ్లు ఆరేళ్లు, మిగతావాళ్లు నాలుగేళ్లు పాత యజమాని దగ్గరే కూలి లేకుండా పనిచేయాలి. పొలం పనివాళ్లకు వారానికి 45 గంటల పరిమితి. విముక్తి ఖర్చులో పెద్ద భాగాన్ని బానిసల చేతే, వాళ్ల చెమటతోనే కట్టించారన్నమాట. జమైకాలో యజమానికి చేయాల్సింది వారానికి నలభైన్నర గంటలే. రోజుకు 9 గంటలు చేస్తే శుక్రవారం సగం పూట మిగిలేది, సొంత కూరగాయల మడి చూసుకోవడానికి. చాలామంది యజమానులు 8 గంటల పద్ధతి తెచ్చి ఆ పూటనూ లాగేశారు. ఎదురుతిరిగితే శిక్షాగృహంలో ట్రెడ్‌మిల్ అనే మెట్ల చక్రాన్ని తొక్కాల్సిందే. గొడవ ముదిరి 1838 ఆగస్టు 1న అప్రెంటిస్ పద్ధతిని గడువుకు ముందే ఎత్తేశారు. ఆంటిగ్వా దీవి మాత్రం మొదట్లోనే దీన్ని వద్దనుకుంది.

పార్లమెంటు కరుణతోనే ఇదంతా జరిగిందనేవాళ్లు గయానాలోని డెమెరారాను చూడాలి. 1823 ఆగస్టు 18న అక్కడి సక్సెస్ తోటలో మొదలైన తిరుగుబాటులో 10 వేల మందికి పైగా కదిలారు. తెల్లవాళ్లలో చనిపోయింది ఇద్దరు ముగ్గురు. బానిసలు వందల్లో. నాయకుల్లో ఒకడైన క్వామినాను కాల్చి చంపి, శవాన్ని ఆ తోట ముందే గొలుసులతో వేలాడదీశారు. 1831 డిసెంబరులో జమైకాలో సామ్ షార్ప్ నాయకత్వంలో అంతకన్నా పెద్ద తిరుగుబాటు లేచింది. మరుసటి మే నెలలో అతన్ని ఉరితీశారు. ఇంకో 15 నెలలకే చట్టం వచ్చింది. తోటలను బలగంతో కాపాడటం ఇక గిట్టదని లండన్‌కు అర్థమైంది.

సక్సెస్ తోట యజమాని జాన్ గ్లాడ్‌స్టన్, తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన విలియం గ్లాడ్‌స్టన్ తండ్రి. సుమారు 2,500 మంది బానిసలకుగాను ఆయనకు లక్షా 6 వేల పౌండ్లకు పైగా ముట్టింది. అప్రెంటిస్ గడువు ఇంకా ముగియకముందే, 1836 జనవరిలో, కూలీలు కావాలంటూ ఆయన కలకత్తాలోని ఒక వర్తక సంస్థకు ఉత్తరం రాశాడు. 1838 మే 5న విట్బీ, హెస్పరస్ ఓడలు గయానా చేరాయి. దిగినవాళ్లు 396 మంది, వాళ్లలో ఛోటానాగ్‌పూర్ కొండజాతులవాళ్లూ ఉన్నారు. మారిషస్‌కు ఈ వలస అంతకుముందే మొదలైంది. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ ‘కోరంగీలు’ అన్నారు. కూలీల ఒప్పందానికి గడువుంది, కూలి ఉంది కాబట్టి అది బానిసత్వం కాదు. రెంటినీ ఒకే గాటన కట్టడం ఆఫ్రికన్ల చరిత్రకు అన్యాయం. అయితే తోట అదే, యజమానీ అతనే.

కరీబియన్ దేశాల కూటమి కారికామ్ ఇప్పుడు పరిహారం అడుగుతోంది. ఎవరికివ్వాలో, ఎంతివ్వాలో తేలదన్నది దానికి తరచూ వినిపించే జవాబు. 1834లో ఈ లెక్కలు కట్టిన రిజిస్టర్లు, క్లెయిములు లండన్ జాతీయ భాండాగారంలో టీ71 అనే వరుస కింద ఉన్నాయి. ఎవరు ఎంత తీసుకున్నదీ లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఆన్‌లైన్‌లో పెట్టారు, పేరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు.