‘సాధారణంగా’ అన్న మాటకి తారీకు వేయండి

నిన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మేం నలుగురం కలిసి తెరచాప పడవలో అట్లాంటిక్ దాటుదామనుకుంటున్నాం. కుదిరితే అక్కణ్నుంచి పసిఫిక్ కూడా. ఏ గైడ్‌బుక్ కొనమంటావు?" రెండు ముక్కల్లో జవాబిచ్చి ఊరుకోవాల్సింది. ఆ ప్రశ్న చూడగానే ఎన్నాళ్లుగానో కడుపులో దాచుకున్నదంతా పైకొచ్చింది. కాబట్టి ఇది అతనికి జవాబు కాదు, నా ఏడుపు. ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

పుస్తకాల మీద నాకేం పగ లేదు. పడవలో నేను పడుకునే బంకు పక్కన అల్మరాలో సగం అవే. నా గొడవంతా ఒక్క మాటతో. ‘సాధారణంగా’. సాధారణంగా ఈ నెలలో గాలి తూర్పు నుంచి వీస్తుంది. సాధారణంగా తుపాన్లు ఇంత కిందికి రావు. సాధారణంగా ఇక్కడ లంగరు బాగా పడుతుంది. ఎవరికి? ఎప్పుడు? ఎన్నిసార్లు చూసి రాశావయ్యా బాబూ? అది మాత్రం ఎక్కడా ఉండదు.

గ్రెనడా సంగతే తీసుకోండి. కరీబియన్ దీవుల వరసలో దాదాపు అడుగున, 12 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంటుంది. 1955లో జానెట్ అనే హరికేన్ దాన్ని కొట్టింది. తర్వాత దాదాపు యాభై ఏళ్లు అలాంటి దెబ్బ మళ్లీ తగల్లేదు. యాభై ఏళ్లంటే మనిషి పడవ కొని, సముద్రాలు తిరిగి, అమ్మేసి, ముసలివాడై మనవళ్లకు కబుర్లు చెప్పుకునేంత కాలం. దాంతో ‘గ్రెనడా హరికేన్లు తిరిగే చోటికి కిందుంది’ అన్న మాట నోటి నుంచి నోటికి, అక్కణ్నుంచి అచ్చులోకి, చివరికి ఇన్సూరెన్స్ కాగితాల్లోకి కూడా పాకింది. హరికేన్ల సీజన్‌లో ఫలానా అక్షాంశానికి దక్షిణంగా ఉంటే చాలు, పాలసీ చెల్లుతుందని. జనం ఆ గీత దాటి అక్కడికి చేరి నిశ్చింతగా ఉన్నారు. 2004 సెప్టెంబర్ 7న ఐవాన్ అనే హరికేన్ ఆ దీవి మీదికి వచ్చింది. ఒడ్డుకెక్కించి స్టాండ్ల మీద నిలబెట్టిన పడవలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. దీవిలో చాలా ఇళ్లకి కప్పులే మిగల్లేదు.

ఇక్కడ ‘సాధారణంగా రావు’ అన్నది అబద్ధం కాదు చూడండి. నా కడుపుమంట అక్కడే. మాట నిజమే, కానీ ఆ నిజం వయసెంతో చెప్పలేదు. ‘చివరిసారి 1955లో వచ్చింది’ అని పక్కన ఒక్క అంకె వేసి ఉంటే చదివేవాడి బుర్ర ఇంకోలా పనిచేసేది. ‘రాదు’ అని కాదు, ‘వచ్చి చాలా కాలమైంది’ అని వినపడేది.

లెన్నీ అనే ఇంకో హరికేన్ కథ ఇంకా విచిత్రం. ఆ దీవుల దగ్గర హరికేన్లు తూర్పు నుంచి పడమరకి నడుస్తాయి, వ్యాపార పవనాలూ తూర్పు నుంచే వస్తాయి. అందుకే పడవలు నిలిపే చోట్లు చాలావరకు దీవులకి పడమటి వైపు, గాలి చాటున ఉంటాయి. 1999 నవంబర్‌లో లెన్నీ పడమటి నుంచి తూర్పుకి వచ్చింది. చాటు అనుకున్న వైపే అలలకి ఎదురుబడింది. పైగా నవంబర్, ఇక సీజన్ అయిపోవచ్చిందని అందరూ ఊపిరి పీల్చుకునే నెల. అటు జులై మొదట్లో పెద్దవి రావు అనుకునేవాళ్లకి 2024లో బెరిల్ జవాబు చెప్పింది. జులై 1న గ్రెనడాకే చెందిన కారియకూ దీవిని ఊడ్చేసి, మర్నాటికి అయిదో కేటగిరీకి, అంటే అన్నిటికంటే తీవ్రమైన స్థాయికి చేరింది. అట్లాంటిక్‌లో సంవత్సరంలో అంత ముందుగా ఆ స్థాయికి చేరిన హరికేన్ రికార్డుల్లో అంతకు ముందు లేదు.

సరే, పుస్తకాలన్నీ ఇలాగే ఉంటాయా అంటే, మొదట్లో ఇలా లేవు. మాథ్యూ ఫాంటేన్ మోరీ అని అమెరికా నౌకాదళంలో ఒక లెఫ్టినెంట్. 1839లో గుర్రపు బండి బోల్తాపడి కాలు విరిగింది, సముద్రం మీదికి పోయే యోగం పోయింది. 1842లో అతన్ని చార్టులూ (అంటే సముద్రపు మ్యాపులు) పరికరాలూ దాచే ఆఫీసులో కూర్చోబెట్టారు. అక్కడ పాత ఓడల లాగ్‌బుక్కులు, అంటే ప్రయాణంలో రోజూ రాసుకునే పుస్తకాలు, గుట్టలుగా పడి ఉన్నాయి. ఇంకొకడైతే పాత కాగితాల వాడికి అమ్మేసేవాడు. ఇతను వాటిని తిరగేసి, ఏ నెలలో ఏ చోట ఏ ఓడకి ఏ గాలి తగిలిందో గళ్లు గీసి ఎక్కించాడు. 1847లో మొదటి గాలి, ప్రవాహాల చార్టు వచ్చింది. నాకు బాగా నచ్చేది అతను పెట్టిన షరతు. చార్టు ఉచితం, కానీ నీ ప్రయాణం లాగ్ రాసి నాకు పంపాలి. చదివే ప్రతివాడూ సాక్షి కావాల్సిందే. 1851లో ఫ్లయింగ్ క్లౌడ్ అనే ఓడ న్యూయార్క్ నుంచి కేప్ హార్న్ చుట్టి శాన్‌ఫ్రాన్సిస్కోకి 89 రోజుల 21 గంటల్లో చేరింది. దారి చూసింది కెప్టెన్ భార్య ఎలియనార్ క్రీసీ. ఆమె ముందు పెట్టుకున్నది మోరీ సూచనల్నే.

ఈనాటి పైలట్ చార్టులు వాటి మనవలే. ఎప్పుడూ చూడనివాళ్లు ఒకసారి చూడండి, అందమైన వస్తువు. నెలకో కాగితం. సముద్రమంతా గళ్లు, ఒక్కో గడిలో చిన్న వలయం, దాని చుట్టూ బాణాలు. బాణం ఎంత పొడుగుంటే గాలి అటు నుంచి అంత తరచుగా వీచిందన్నమాట. తోకకి ఎన్ని ఈకలుంటే, గాలి బలాన్ని అంకెల్లో చెప్పే బ్యూఫోర్ట్ లెక్కలో గాలికి అంత బలం. వలయం మధ్యలో ఒక అంకె. 3 అని ఉంటే వందసార్లు చూస్తే మూడుసార్లు గాలే లేదని. ‘సాధారణంగా తూర్పు గాలి’ అన్న వాక్యం దాచిపెట్టేది ఇక్కడ కళ్లకు కడుతుంది. తూర్పు బాణం పొడుగే, కానీ దక్షిణం నుంచి కూడా ఒక పొట్టి బాణం ఉంటుంది. ఆ పొట్టి బాణం తగిలే రోజు నువ్వు ఏ రేవులో ఉన్నావన్నదే అసలు ప్రశ్న.

అయితే పైలట్ చార్టూ వేదం కాదు. పాత లెక్కలన్నీ ఓడలు రాసిచ్చినవి. తుపాను వస్తుందని తెలిస్తే ఏ కెప్టెనైనా తప్పుకుపోతాడు కదా. అంటే భయంకరమైన గాలి వీచిన చోట దాన్ని కొలిచి రాసేవాడే లేడు. చార్టు చూపించేదానికంటే సముద్రం కొంచెం చెడ్డదే అనుకుని బయల్దేరడం మంచిది.

ఇప్పుడు నా సొంత బాధ. కొన్నేళ్ల కింద ఒక దీవి దగ్గర పగడపు దిబ్బల మధ్య సందులోంచి లోపలికి దూరాలి. పుస్తకం స్పష్టంగానే చెప్పింది, తెల్ల చర్చి గోపురాన్నీ దాని వెనక కొండ మీది స్తంభాన్నీ ఒకే వరసలో పెట్టుకుని రండి, ప్రవేశం సులువు అని. సాయంత్రం నాలుగైంది. సూర్యుడు మా మొహాల మీదికి దిగుతున్నాడు. పగడం నీళ్లలోకి వెళ్లేటప్పుడు ఎండ నెత్తి మీదో వెనకో ఉండాలి, ఎదురుగా ఉంటే నీళ్లు అద్దమైపోయి అడుగున ఏముందో కనపడదు. ఆ ముక్క పుస్తకంలో లేదు. స్తంభం ఉంది. చర్చి లేదు. ఉందేమో కూడా, దాని ముందు మూడంతస్తుల భవనం లేచింది. నేను ముందు కొసన నిలబడి నీళ్లలోకి కళ్లు చిల్లులు పడేలా చూస్తున్నాను. వెనక చుక్కాని దగ్గర ఉన్నావిడ "కుడా, ఎడమా, ఏదో ఒకటి చెప్పు" అని అరుస్తోంది. కుడి వైపు నీళ్ల రంగు నీలం నుంచి గోధుమకి మారడం ఆఖరి క్షణంలో చూశాను. ఇంజిన్ రివర్స్ వేసి బయటికొచ్చేసి, రాత్రంతా సముద్రంలోనే అటూ ఇటూ తిరిగాం. పొద్దున పదింటికి ఎండ పైకొచ్చాక పావుగంటలో లోపల ఉన్నాం.

అప్పుడు తట్టింది, ‘సులువు’ కూడా ‘సాధారణంగా’కి తోబుట్టువే అని. ఎవరి పడవకి సులువు? నీళ్లలోకి మీటరు మాత్రమే దిగే, పక్కపక్కన రెండు పొట్టలుండే కాటమరాన్‌కా, అడుగున రెక్కలాంటి కీల్‌తో రెండు మీటర్లకు పైగా దిగే మా పడవకా? అలల పోటు ఉన్నప్పుడా, పాటులోనా? రాసినాయన ఏ పడవలో, ఏ ఏట, ఎన్ని గంటలకి వచ్చాడో ఒక వాక్యం రాస్తే పుస్తకం బరువు పెరిగిపోతుందా?

పాత పద్ధతి చార్టులు ఈ విషయంలో ఎంత మర్యాదస్తులో చూడండి. ఒక దిబ్బ పక్కన ‘పి.ఎ.’ అని ఉంటుంది, అంటే అది ఉన్న చోటు సుమారుగా మాత్రమే తెలుసు. ‘ఇ.డి.’ అని ఉంటే అసలు ఉందో లేదో అనుమానం. ‘రిపోర్టెడ్’ అని పక్కన సంవత్సరం వేస్తారు, ఎవరో చూశామన్నారు, మేం నిర్ధారించలేదు అని. ఇంత నిజాయితీ రంగుల ఫోటోలతో వచ్చే గైడ్‌బుక్కుల్లో వెతికినా దొరకదు.

"ఈ రోజుల్లో పుస్తకాలెందుకు, ఫోన్లో యాప్ ఉంది కదా" అనేవాళ్లు కామెంట్లలో తయారుగా ఉంటారని తెలుసు. వాళ్లకీ చెప్తాను. 2014 నవంబర్ 29 రాత్రి, ప్రపంచం చుట్టూ సాగే వోల్వో ఓషన్ రేసులో వెస్టాస్ విండ్ అనే పడవ మారిషస్‌కి ఈశాన్యంగా కార్గడోస్ కరహోస్ దిబ్బల మీదికి పూర్తి వేగంతో ఎక్కేసింది. ఆ పడవలో ఉన్నవాళ్లు ఆరితేరినవాళ్లు. ఎలక్ట్రానిక్ చార్టులో దిబ్బ ఉంది, కాకపోతే తగినంత జూమ్ చేస్తేనే కనపడుతుంది. తొమ్మిది మందీ ప్రాణాలతో బయటపడ్డారు, అది అదృష్టం. ఇక సాండీ ఐలండ్ అనే దీవి కోరల్ సముద్రంలో ఎన్నో మ్యాపుల్లో, గూగుల్ మ్యాపుల్లో కూడా దర్జాగా ఉండేది. 2012 నవంబర్‌లో ఆస్ట్రేలియా పరిశోధన ఓడ ఆ చోటికి వెళ్లి చూస్తే నీళ్లు తప్ప ఏమీ లేవు, లోతు 1,300 మీటర్ల పైమాటే. తెర మీదికి ఎక్కినంత మాత్రాన పాత తప్పు కొత్త నిజమైపోదు.

పైగా వాతావరణ సూచన ఎన్ని రోజులకి నమ్మొచ్చు? వారం, మహా అయితే ఇంకో రెండు మూడు రోజులు. ఆఫ్రికా పక్కనున్న కెనరీ దీవుల నుంచి కరీబియన్‌కి సుమారు 2,700 నాటికల్ మైళ్లు, మామూలు పడవకి మూడు వారాలు. పనామా నుంచి పసిఫిక్‌లోని మార్కెసస్ దీవులకి దాదాపు 4,000, నెల పట్టొచ్చు. రెండో వారం నుంచి నీకు దిక్కు నెలల లెక్కలే. ఆ నెలలు కూడా గొలుసులా ఉంటాయి. నవంబర్, జనవరి మధ్య అట్లాంటిక్ దాటాలి. ఫిబ్రవరి, మార్చికల్లా పనామా కాలువ దాటి పసిఫిక్‌లోకి. దక్షిణ పసిఫిక్‌లో నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా సైక్లోన్ల కాలం, దాని మధ్యలో ఇరుక్కోకుండా దీవులు చూసుకుని మళ్లీ నవంబర్‌కి న్యూజిలాండ్ వైపో భూమధ్యరేఖ వైపో తప్పుకోవాలి. ఇంజిన్ రిపేరని పనామాలో రెండు నెలలు ఆగావా, ఆ ఏటి లెక్కంతా తిరగబడుతుంది. ఈ గొలుసు ఏ యాప్ చెప్పదు, మంచి పుస్తకమే చెప్తుంది. పుస్తకం పని అది. ఏ రేవులో ఏ నీళ్ల కుళాయి పనిచేస్తోందో చెప్పడం దాని పని కాదు. ఆ పేజీలు అచ్చయ్యేలోపే పాతబడతాయి. స్పెయిన్, పోర్చుగల్ తీరంలో 2020 నుంచి ఓర్కాలు (కిల్లర్ వేల్స్) పడవల చుక్కానులు విరగ్గొడుతున్నాయి, ఆ లోపు అచ్చయిన ఏ పుస్తకంలో అది ఉంటుంది?

నా దృష్టిలో మంచి గైడ్‌బుక్‌కి నమూనా దాదాపు రెండు వేల ఏళ్ల కిందటిది. ఎర్ర సముద్రం నుంచి మన తీరం దాకా తిరిగిన గ్రీకు వర్తకుడెవరో రాసిన పెరిప్లస్. ఈజిప్టు నుంచి ఏ నెలలో బయల్దేరాలో చెప్తాడు. భరుకచ్ఛం (ఇప్పటి గుజరాత్‌లోని భరూచ్) దగ్గరికొచ్చేసరికి ఇక్కడ దిబ్బలు, పోటు భయంకరం, రాజుగారి కొలువులో ఉన్న స్థానిక జాలర్లు పెద్ద పడవల్లో ఎదురొచ్చి ఓడని లోపలికి తీసుకెళ్తారు అంటాడు. అంటే, ఇక్కడితో నా పుస్తకం మూసెయ్, వాళ్ల మాట విను అని. ‘ప్రవేశం సులువు’ అనలేదు మహానుభావుడు.

కాబట్టి తమ్ముడూ, పైలట్ చార్టులు తీసుకో. మార్గాలు, నెలలు చెప్పే పెద్ద పుస్తకం ఒకటి కొను, కొత్త ముద్రణే కొను. రేవుల పుస్తకం పాతదైనా పర్లేదు, కానీ పక్కన పెన్సిల్ పెట్టుకో. ‘సాధారణంగా’ కనపడ్డ ప్రతిచోటా ‘ఎప్పుడు?’ అని రాయి. కాగితం మేకలకు దూరంగా ఉంచు. హాస్యం కాదు, 1898లో ఒంటరిగా ప్రపంచం చుట్టి వస్తున్న జాషువా స్లోకమ్‌కి సెయింట్ హెలీనా దీవిలో ఎవరో మేకనిస్తే, అది అతని వెస్టిండీస్ చార్టుని నమిలేసింది.

ఆ చర్చి సంగతి మర్చిపోయాను. ప్రచురణకర్తలకి తారీకుతో, ఫోటోతో, మేం తీసుకున్న లోతులతో సహా రాసి పంపాను. ధన్యవాదాలు, తదుపరి ముద్రణలో పరిశీలిస్తాం అని జవాబొచ్చింది. తదుపరి ముద్రణ వచ్చింది. కొత్త అట్ట, కొత్త ఫోటోలు. తెల్ల చర్చి అక్కడే ఉంది, ప్రవేశం ఇంకా సులువే.