కళ్లెం సైజు ఎవరు చూస్తున్నారు?

పేపర్ తెరిస్తే వారానికోసారైనా కనిపించే మాట ఇది, ధరలకు కళ్లెం, అవినీతికి కళ్లెం, ఇసుక మాఫియాకి కళ్లెం. మనకి కళ్లెం అంటే అదుపు, అంతే. అసలు అదొక ఇనుప ముక్క అని, దాన్ని ఒక ప్రాణి నోట్లో పెడతారని, దానికీ సైజు ఉంటుందని, సరిపోకపోతే కొత్త చెప్పులా కరుస్తుందని ఎంతమందికి తెలుసు?

నిజం చెప్పాలంటే నాకూ తెలీదు. రెండేళ్ల కింద హైదరాబాద్‌లో మా చుట్టాలబ్బాయి పెళ్లికి బారాత్‌లో తెల్ల గుర్రం మాట్లాడారు. డీజే ఇంకా మొదలవలేదు కాబట్టి పక్కనే నిలబడి తీరిగ్గా చూశా. పైనంతా చమ్కీలు, కుచ్చులు, నెత్తిన తురాయి. వాటి కింద నోటి మూల ఎప్పుడో చీలి మానిన మచ్చ, ఆ మచ్చ మీదే పచ్చి పుండు. చెంప పట్టీ ఒకటి తెగినట్టుంది, నైలాన్ తాడుతో ముడేశారు, అది రెండో వైపు పట్టీ కంటే పొట్టి, దాంతో నోట్లో ఇనుము వంకరగా కూర్చుంది. గుర్రం నాలుక ఒక పక్కకి వేలాడేసి తల ఎగరేస్తూనే ఉంది, మావాళ్లేమో "డాన్స్ చేస్తోంది రా, వీడియో తియ్" అని నవ్వుకుంటున్నారు.

ఆ తర్వాత కూర్చుని దీని గురించి చదివా. గుర్రానికి ముందు పళ్లకీ దవడ పళ్లకీ మధ్య ఖాళీ చిగురు ఉంటుంది, కళ్లెం కూర్చునేది అక్కడే. ఆ చిగురు పల్చన, కిందే దవడ ఎముక అంచు. మన మోకాలి కింద ముందువైపు ఎముక మంచం కోడుకి తగిలితే ఎలా ఉంటుందో ఊహించుకోండి, ఇక్కడా దాదాపు అంతే కండ. నోట్లో మిగతా చోటంతా నాలుకే నిండి ఉంటుంది, అందుకే లావు కళ్లెం అయితే మెత్తగా ఉంటుంది అనే మాట కూడా పూర్తిగా నిజం కాదు, చిన్న నోట్లో లావు ఇనుము పెడితే నాలుక ఎక్కడికి పోవాలి?

ఇక వెడల్పు. సాధారణంగా పెదవులకి అటూ ఇటూ పావు అంగుళం వదలాలంటారు. ఇరుకైతే నోటి మూలలు నలుగుతాయి. వెడల్పెక్కువైతే మధ్యలో కీలున్న కళ్లెం ఒక పక్కకి జారి, ఆ కీలు నాలుక మీద మధ్యలో ఉండాల్సింది పోయి చిగురు మీదకి వస్తుంది. కిందికి వేలాడితే ముందు పళ్లకి కొడుతుంది, మరీ పైకి బిగిస్తే పగ్గం ఎవరూ పట్టకపోయినా పొద్దస్తమానం ఎవరో లాగుతున్నట్టే. నోటి మూల రెండు ముడతలు పడితే చాలు అని పాత లెక్క ఒకటుంది గానీ పెదవి మందం, మూతి పొడుగు గుర్రానికో రకం, నోరు తెరిచి చూడక తప్పదు. తోలు పట్టీలదీ అదే కథ. నుదుటి పట్టీ పొట్టిగా ఉంటే తల మీది పట్టీని ముందుకి లాగేసి చెవుల మొదట్లో ఒరుసుకుంటుంది, ఇంక ఆ గుర్రం తల మీద చెయ్యి వేయనివ్వదు, దాంతో మొండిది అని పేరు పడిపోతుంది.

నాకు అసలు కోపం ఇక్కడే. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని సామెత ఉందిగా, మనవాళ్ల ఆలోచనంతా దాని చుట్టూనే. నొప్పికి తల ఎగరేస్తే పొగరు అంటారు, పొగరు అణచాలని ఇంకా బిగిస్తారు, అప్పటికీ వినకపోతే ముళ్ల కళ్లెం తెస్తారు. ముళ్ల కళ్లెం మన దేశంలో 1965 నుంచే నిషేధం, బండి లాగే, బరువు మోసే జంతువుల రూల్స్‌లో 8వ రూల్ సరిగ్గా దీని గురించే. కానీ జంతు హింస మీద 1960 నాటి చట్టంలో మొదటి తప్పుకి జరిమానా ఎంతో తెలుసా, 10 నుంచి 50 రూపాయలు. బారాత్‌లో గాల్లోకి ఎగరేసే నోటు దానికంటే పెద్దది.

పోనీ ముళ్లు లేకపోతే సరిపోతుందా అంటే అదీ కాదు. ఫిన్లాండ్‌లో బండి కట్టి పరిగెత్తించే ట్రాటింగ్ రేసుల తర్వాత 261 గుర్రాల నోళ్లు తెరిచి చూస్తే 84 శాతానికి కళ్లెం తగిలే చోట తాజా గాయాలు కనిపించాయి, బయటికి రక్తం కనిపించినవి మాత్రం చాలా కొద్ది. అంటే పైనుంచి చూసి బాగానే ఉంది అనుకుంటే కుదరదు. అంతెందుకు, ఒలింపిక్స్ స్థాయిలోనే ముక్కు పట్టీ కింద రెండు వేళ్లు పట్టాలి అనే పాత పద్ధతి తేలక (ఎవరి వేళ్లు? ఎక్కడ పెట్టి చూడాలి?) 2025 మే నుంచి అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య ఎఫ్‌ఈఐ ఆ బిగువు కొలిచే పరికరం పెట్టాల్సి వచ్చింది.

కాబట్టి గుర్రం తోలుకునే పేదవాడి మీద పడి ఏడవడం నా ఉద్దేశం కాదు. వాడి పొట్ట కూడా దాని మీదే. కాకపోతే అన్నిటికీ డబ్బుల్లేవనే మాట నేను ఒప్పుకోను. పట్టీకి ఇంకో చిల్లు పొడిపించడానికి చెప్పులు కుట్టేవాడి దగ్గర పది నిమిషాల పని. తుప్పు పట్టిన కళ్లెం మార్చడం అంతకంటే ఖర్చే, కానీ లైటింగ్‌కి, డీజేకి అడిగినంత ఇచ్చే పెళ్లివాళ్లు గుర్రం దగ్గరికి రాగానే బేరాలాడతారు, ఆ తగ్గించిన డబ్బులు ఎక్కడ కోత పడతాయో అడగరు.

మొన్న ఇంకో పెళ్లిలో నేను అడిగా. పద్దెనిమిదేళ్ల కుర్రాడు, మర్యాదస్తుడు, గుర్రానికి శనగలు పెడుతున్నాడు. ఈ కళ్లెం దీనికి వదులుగా ఉన్నట్టుంది కదా తమ్ముడూ అంటే ఒకసారి అటు చూసి, "మా నాయిన ఉన్నప్పటి నుంచి ఇదే అన్నా, దీనికంటే ముందు రెండు గుర్రాలకు గూడ ఇదే పెట్టినం" అన్నాడు.